వ్యాపారం, రిస్కు, సంతోషం: అట్టపెట్టెలు చేసే మనిషిని తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ దగ్గర మాకు అట్టపెట్టెల యూనిట్ ఉంది. మామిడికాయలకు, పచ్చళ్ళకు, మందులకు, మిఠాయిలకు కార్టన్ బాక్సులు చేస్తాం. పెళ్ళిళ్ళలో, రైలు ప్రయాణాల్లో, ఇంజనీరింగ్ అయిపోయిన కొడుకును వెంటబెట్టుకొచ్చే చుట్టాల నోట ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. అందుకే సమాధానాలు ఒకచోట రాసిపెట్టాను. పన్నుల చిక్కుముళ్ళు మీ ఆడిటర్‌నే అడగండి. షెడ్డులో నిలబడి చూస్తే నాకు అర్థమైనవి మాత్రం ఇక్కడ ఉన్నాయి.

ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టమంటారా?

ఈ మాట అడిగేవాళ్ళలో చాలామందికి కావలసింది వ్యాపారం కాదు, మంచి మేనేజరు. "ఒకడి కింద పనిచేయలేను అంకుల్" అంటారు. నా పైన ఎంతమంది ఉన్నారో చూడండి: కస్టమర్ల పర్చేజ్ మేనేజర్లు, బ్యాంకులో అప్పులు చూసే అడ్వాన్సెస్ ఆఫీసరు, పేపరు మిల్లులో డిస్పాచ్ చూసే కుర్రాడు, కరెంటు ఏఈ. ఒకరు పోయి పదిమంది వస్తారు. వాళ్ళలో జీతం ఇచ్చేవాడు ఒక్కడూ ఉండడు.

ఎవరు పెట్టొచ్చంటే, తన సరుకు ఎవరు కొంటారో పేర్లతో సహా చెప్పగలిగినవాడు. "మార్కెట్ చాలా పెద్దది" అనే మాట నాకు వినపడదు. "ఫలానా స్వీట్ షాపు నెలకు నాలుగు వేల పెట్టెలు తీసుకుంటుంది, ఇప్పుడు వాడికి ఇచ్చేవాడు ఆలస్యం చేస్తున్నాడు" అంటే అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతాను.

మీకు భయం లేదా? ఇంత రిస్కు ఎలా తీసుకుంటారు?

వ్యాపారం చేసేవాడికి గుండె ధైర్యం ఎక్కువ అనుకుంటారు. నేను చూసినంతలో నిలబడ్డవాళ్ళంతా పిరికివాళ్ళే. రాత్రి తాళం వేశాక వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే రకం.

ఫ్రాంక్ నైట్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1921లో ఒక తేడా చెప్పాడు. లెక్క కట్టగలిగే ప్రమాదం ఒకటి, ఏ లెక్కకూ అందని అనిశ్చితి ఇంకొకటి. మా షెడ్డులో ఆ రెండూ కళ్ళముందే కనిపిస్తాయి. వంద కిలోల క్రాఫ్ట్ పేపరు (పెట్టెలకు వాడే గట్టి గోధుమరంగు కాగితం) మెషీన్ ఎక్కితే కొంత వేస్టేజీ పోతుంది. మామిడి సీజన్లో ఈదురుగాలి వచ్చి కాయ రాలిపోతే విజయవాడ పక్కనున్న నున్న మామిడి మార్కెట్ నుంచి వచ్చే ఆర్డరు సగం పడిపోతుంది. పది మంది కస్టమర్లలో ఒకడు ఎగ్గొడతాడు. ఇవన్నీ జరిగేవే. వీటిని రేటులో కలుపుకుంటాం. దీన్ని నేను రిస్కు అని కూడా అనను, ఖర్చు అంటాను.

రెండోదాని సంగతి వేరు. 2021 జనవరి 1 నుంచి చైనా వ్యర్థాల దిగుమతి పూర్తిగా ఆపేసింది. అక్కడ చిత్తుకాగితం ఆగితే కొండపల్లి పక్కన పెట్టెలు చేసుకునేవాడికి ఏమవుతుంది? అక్కడి మిల్లులకు ముడిసరుకు కావాలి కదా, మన మిల్లులు ఇక్కడ కాగితం రీళ్ళు చేసి అటు ఎగుమతి చేయడం మొదలుపెట్టాయి. ఇక్కడ రీళ్ళకు కరువొచ్చి రేటు ఎగిరింది. పాత రేటుకు ఆర్డర్లు ఒప్పుకున్నవాళ్ళు పెట్టె పెట్టెకూ చేతి డబ్బు వేసుకుని సప్లై చేశారు. ఏ ప్రాజెక్టు రిపోర్టులో ఉంటుంది ఇది?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా అంతే. క్రాఫ్ట్ రీలుకు నీళ్ళు తగిలితే లోపలిదాకా పీల్చుకుంటుంది. ఆరబెట్టి వాడేది కాదు. చిత్తుకాగితం కింద అమ్ముకోవడమే.

ఇలాంటివి ముందే పసిగడతామనుకోవడం భ్రమ. చేయగలిగింది ఒకటే: అంతా పోతే ఎంత పోతుంది, పోయాక ఇంట్లో ఏం మిగులుతుంది అని మొదటిరోజే ఒక అంకె వేసుకోవడం. ఆ అంకె దాటనంతవరకు ఎంత దూకుడుగా అయినా ఉండండి. దాటాల్సి వస్తే ఆ ఆర్డరు ఎంత గొప్పదైనా వద్దు. నా దృష్టిలో రిస్కు గురించి చెప్పుకోవాల్సింది ఇంతే, మిగతాది దీని వివరణ.

ఇన్సూరెన్స్ ఉంటే సరిపోదా?

ఉండాలి. కానీ కాగితం చదివి కట్టండి. ప్రీమియం తగ్గుతుందని ఇరవై లక్షల సరుకుకు పది లక్షలకే పాలసీ తీసుకుంటారు. తీరా ఆరు లక్షల నష్టం జరిగితే ఆరూ వస్తాయనుకుంటారు. రావు. సరుకులో సగానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే ఇస్తారు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో ఈ లోటు 15 శాతం లోపు ఉంటే పట్టించుకోరు. ఐదు కోట్ల లోపు ఆస్తులున్న యూనిట్లకు అది. వరద కూడా అందులో ఉంటుంది. సీజన్లో స్టాకు పెరిగినప్పుడు పాలసీ మొత్తం పెంచడం మరిచిపోకండి. మామిడి సీజన్లో మా స్టాకు మామూలు నెలల కంటే రెట్టింపు ఉంటుంది.

ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చా?

బ్యాంకు అడుగుతుంది. ఎందుకడుగుతుందో తెలుసుకుని సంతకం పెట్టండి. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి కింద పడుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, కోర్టుకు వెళ్ళకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే ఊళ్ళో మూడెకరాలున్నాయన్నా ఆఫీసరు ముఖం వెలగదు, టౌన్లో డాబా ఉందంటే మాత్రం కాఫీ తెప్పిస్తాడు.

"ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకుంటే మన ఆస్తి జోలికి రారట కదా బాబాయ్?" అని మా అన్నయ్య కొడుకు అడిగాడు. చట్టం ప్రకారం నిజమే. అయితే అప్పు ఇచ్చేటప్పుడు డైరెక్టర్లందరితో వ్యక్తిగత హామీ రాయించుకుంటారు. ఆ సంతకంతో కంపెనీ గోడ కాస్తా పడిపోయినట్టే. కంపెనీ అప్పు దివాలా ప్రక్రియలో పరిష్కారమైనా హామీదారు బాధ్యత తీరిపోదని సుప్రీంకోర్టు 2021 మే నెలలో చెప్పింది.

నేను పాటించే పద్ధతి: ఉంటున్న ఇల్లు పెట్టను. షెడ్డు, మెషీన్లు, కావాలంటే ఖాళీ స్థలం. మైక్రో, చిన్న యూనిట్లకు ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు హామీతో, తనఖా లేకుండా ఇచ్చే అప్పులున్నాయి. బ్రాంచిలో మనం అడిగేదాకా వాటి ఊసెత్తరు. గ్యారంటీ ఫీజు పడుతుంది. ఇంటి మీద ఆందోళనతో పోలిస్తే అది చవక. ఇక ఇంటి ఆవిడ నగలు బయటకు తీసే రోజు వస్తే, ఆ నిర్ణయం ఆవిడది. మీది కాదు.

బయట వడ్డీకి తెస్తే? చీటీ పాడుకుంటే?

నూటికి రెండు రూపాయలంటే చెవికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. మా లైనులో అన్నీ పోను మిగిలేది అమ్మకంలో ఐదారు శాతం. ఇంతకంటే లెక్క చెప్పక్కర్లేదు. రోజువారీ వసూలుకు వచ్చే ఫైనాన్సు కుర్రాడు గేటు దగ్గర కనిపించాడంటే ఆ వ్యాపారం సంగతి పనివాళ్ళకు మనకంటే ముందే అర్థమవుతుంది.

చీటీ అలా కాదు. రిజిస్టర్డ్ కంపెనీలో, 1982 చట్టం కింద నడిచేదైతే అది క్రమశిక్షణ. కానీ తొలి నెలల్లోనే ఎక్కువ తగ్గించి పాడుకుంటే దాని వడ్డీ కూడా లెక్కకట్టి చూడండి.

లెక్కల్లో లాభం కనిపిస్తోంది, చేతిలో డబ్బు ఉండట్లేదు. ఎందుకు?

ఇది అడిగినవాడు నిజంగా వ్యాపారం చేస్తున్నాడని అర్థం.

ఒక ఉదాహరణ వేసుకుందాం. నెలకు 30 లక్షల అమ్మకం, లాభం ఆరు శాతం. కస్టమర్లు 90 రోజులకు ఇస్తారు. మిల్లువాడు పది రోజులకు మించి ఆగడు. అంటే ఎప్పుడు చూసినా 90 లక్షలు బయట ఉంటుంది. ఇప్పుడు ఒక పెద్ద ఆర్డరు తగిలి అమ్మకం 45 లక్షలైంది. ఇంట్లో స్వీట్లు పంచుతారు. బయట ఉండే సొమ్ము కోటీ 35 లక్షలకు చేరింది. మన లాభం, మిల్లు ఇచ్చే పది రోజుల అరువు తీసేసినా అదనంగా 40 లక్షల దాకా మనమే తేవాలి. కొత్త అమ్మకం మీద నెల లాభం 2 లక్షల 70 వేలు. పదిహేను నెలల లాభాన్ని ముందే పెడితే తప్ప ఆ పెరుగుదల మన చేతికి రాదు. నష్టంతో మూతపడ్డ యూనిట్లు కొన్ని చూశాను. ఆర్డర్లు ఎక్కువై మూతపడ్డవి అంతకంటే ఎక్కువ చూశాను.

దీనికి తోడు పన్ను. మా పెట్టెల మీద జీఎస్టీ 2024 జులైలో 18 నుంచి 12 శాతానికి, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాడికి మంచిదే. కానీ అదేరోజు మేం కొనే క్రాఫ్ట్ పేపరు మీద 18 అయింది. పది లక్షల పేపరు కొంటే లక్షా 80 వేలు కడతాం. పదిహేను లక్షల పెట్టెలు అమ్మితే వసూలయ్యేది 75 వేలు. మిగతాది రీఫండుకు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి. ఆ లక్షా చిల్లర మా డబ్బే, మా దగ్గర ఉండదంతే.

చట్ట ప్రకారం 45 రోజుల్లో ఇవ్వాలి కదా? అడగరా?

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం అదే చెబుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. చదివితే కడుపు నిండుతుంది. కేసు వేసినవాడికి తర్వాతి ఆర్డరు ఎవరిస్తారన్నదే ప్రశ్న. సాధారణంగా ఆ కస్టమర్‌తో తెగిపోయాకే, బకాయిల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సమాధాన్ పోర్టల్ ఎక్కుతారు.

2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపన్నులో 43బీ(హెచ్) అని ఒక నిబంధన వచ్చింది. చిన్న యూనిట్‌కు గడువు దాటినా, ఏడాది ముగిసేలోపు కూడా ఇవ్వని సొమ్మును కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. ఇది కాస్త పనిచేసింది. మార్చి నెలలో ఫోన్లు వాళ్ళే చేస్తున్నారు. "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోకూడదా" అని మెల్లగా అడిగినవాళ్ళూ ఉన్నారు. మనది చిన్న యూనిట్ అని ప్రభుత్వం దగ్గర ఉన్న నమోదు అది. రద్దు చేసుకోకండి.

బిల్లులు ముందే సొమ్ము చేసుకునే ట్రెడ్స్ వేదికలున్నాయి. కొన్న కంపెనీ బిల్లును ఆమోదిస్తే బ్యాంకులు డిస్కౌంటుకు డబ్బిస్తాయి. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు అందులో చేరడం ఇప్పుడు తప్పనిసరి. కొత్త పెద్ద కస్టమర్ వస్తే రేటు కంటే ముందు ఈ మాట అడగండి.

ఒకే పెద్ద కంపెనీ మొత్తం సరుకు తీసుకుంటానంటే?

మొత్తంలో నాలుగో వంతు దాటనివ్వను. దాటితే మనం వాళ్ళ డిపార్టుమెంటు అయిపోతాం, పీఎఫ్ లేకుండా.

బావమరిదితో కలిసి పెట్టొచ్చా?

పెట్టండి. విడిపోయే పద్ధతి ముందే స్టాంపు పేపరు మీద రాసుకోండి. అది రాసుకోవడానికి మొహమాటపడితే ఆ భాగస్వామ్యం వద్దని అప్పుడే తేలిపోయినట్టు.

ముహూర్తం, వాస్తు చూస్తారా?

మా ఆవిడ చూస్తుంది. ఈశాన్యంలో గమ్ తయారుచేసే ట్యాంకు ఉండకూడదన్నారు, జరిపాం. జరిపాక పైపు పొడవు తగ్గి గమ్ గడ్డకట్టడం ఆగింది. పంతులుగారికి ఆ క్రెడిట్ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

పెద్ద పెద్ద వాళ్ళు ఉన్నదంతా ఒడ్డి గెలిచారంటారు. మీరేమో జాగ్రత్త అంటారు?

గెలిచినవాళ్ళ కథల్లో మధ్యలోని నెలల జీతాలు ఎవరిచ్చారో చెప్పరు. నాకు ఆసక్తి అక్కడే.

వరప్రసాద్ రెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు, తల్లి పేరు మీద. దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకా 1997లో బజారుకొచ్చింది. నాలుగేళ్ళు అమ్మకానికి సరుకు లేదు. అప్పట్లో మన బ్యాంకులకు ఇలాంటి పని అర్థంకాని కాలం. ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టి నిలబెట్టారు. ఆ కథలో పట్టుదల ఎంత ఉందో, ఓపిక ఉన్న పెట్టుబడిదారు కూడా అంతే ఉన్నాడు. పట్టుదల మనదగ్గరే దొరుకుతుంది, రెండోదాన్ని వెతుక్కోవాలి.

ఫణీంద్ర సామ సంగతి ఇంకో రకం. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఆ మరుసటి ఏడాది మిత్రులతో కలిసి బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టాడు, 2013లో అమ్మేశారు. వాళ్ళంతా ఇంజనీర్లు. ఆడకపోయుంటే పోయేది కొన్నేళ్ళ కాలం, కొంత దాచుకున్న డబ్బు. మళ్ళీ ఉద్యోగం దొరికేది. గెలిస్తే హద్దులేదు, ఓడితే హద్దుంది. అది ధైర్యం కంటే తెలివైన పందెం. అట్టకు అలల మడతలు పెట్టే నా కారుగేషన్ మెషీన్ ఓడిపోతే సగం రేటుకు కూడా ఎవరూ కొనరు. అందుకే వాళ్ళ సూత్రం నాకు, నా సూత్రం వాళ్ళకు కుదరదు.

ఇక సత్యం కంప్యూటర్స్ సంగతి. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజుగారు తప్పుడు లెక్కలు ఒప్పుకుంటూ రాసిన లేఖలో పులి మీద సవారీ మాట అందరికీ గుర్తుంది. నాకు గుర్తున్నది వేరే వాక్యం. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ తేడా మొదట్లో కొంచెమేననీ, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిపోయిందనీ అందులో ఉంది. మా స్థాయిలో ఇది బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంట్లో మొదలవుతుంది. లేని రెండు రీళ్ళు ఉన్నాయని రాస్తారు. వచ్చే నెల సర్దుదామనుకుంటారు.

ఎప్పుడు మూసేయాలి?

పాత అప్పు వడ్డీకి కొత్త అప్పు తెస్తున్నప్పుడు. జీతాలకు వరుసగా మూడు నెలలు బయట డబ్బు తెచ్చారంటే ఇక సీజను బాగాలేదన్న మాట నమ్మకండి.

మూసేయడమూ ఖర్చే. పదిమంది, అంతకుమించి పనివాళ్ళున్న చోట గ్రాట్యుటీ ఇవ్వాలి, మిల్లుల బకాయి తీర్చాలి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుచేసుకుని చివరి రిటర్ను వేయాలి. ఈ ఖర్చుకు సరిపడా సొమ్ము ఉండగానే మూసినవాళ్ళు బజారులో తలెత్తుకుని తిరుగుతున్నారు, కొందరు మళ్ళీ పెట్టారు కూడా. ఆఖరి రూపాయిదాకా ఆగినవాళ్ళను చెక్కు బౌన్సు కేసులు వెంటాడాయి. పట్టు వదలకూడదని చెప్పే వక్తలకు ఈ తేడా తెలియదో, చెబితే చప్పట్లు రావనో గాని, వేదికల మీద ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

ఇంట్లో వ్యాపారం గురించి చెబుతారా?

నష్టం చెబుతాను, లాభం కాస్త ఆగి చెబుతాను. లాభం ముందే చెబితే అది వచ్చేలోపే ఖర్చయిపోతుంది.

మీరు సంతోషంగా ఉన్నారా?

ఇది ఎక్కువగా రైల్లో అడుగుతారు, మళ్ళీ ఎదురుపడేది లేదన్న ధైర్యంతో.

మా తమ్ముడు ప్రభుత్వ ఉద్యోగి. రోజులు లెక్కపెట్టి చూస్తే ప్రశాంతంగా గడిచినవి అతనికే ఎక్కువ. ఒప్పుకోవాలి. కాహ్నెమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో చెప్పిన విషయం నా వారం వారం అనుభవం: వచ్చినదాని ఆనందం కంటే పోయినదాని బాధే బలమైనది. పది లారీలు సజావుగా దిగిన వారంలో ఒక్క లోడు తిప్పి పంపారంటే రాత్రి గుర్తొచ్చేది ఆ ఒక్కటే. వ్యాపారంలో రోజూ ఏదో ఒకటి పోతూనే ఉంటుంది కాబట్టి, రోజువారీ మూడ్‌తో కొలిస్తే మేం ఓడిపోతాం.

అయినా వదలబుద్ధి కాదు. కొన్ని ఆనందాలు ఉద్యోగంలో దొరకవు. అనకాపల్లిలో ఒక బడ్డీకొట్టు ముందు మా పెట్టె కనపడింది. దాని మీద కుర్రాడు కూర్చుని టీ తాగుతున్నాడు, పెట్టె కుంగలేదు. దాన్ని ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల) కాగితంతో చేశామో నాకు తెలుసు. ఆ కుర్రాడికి తెలియాల్సిన పనిలేదు. ఒడిశా నుంచి హెల్పరుగా వచ్చిన మనిషి ఇప్పుడు మెషీన్ ఆపరేటరు, అతని చెల్లెలి పెళ్ళికి వెళ్ళొచ్చాం. అన్నిటికంటే మించి, గౌరవం లేకుండా మాట్లాడే కస్టమర్‌కు "మీకు మేం సప్లై చేయలేమండీ" అని చెప్పగలగడం. అది చెప్పగలిగానంటే కారణం నా ధైర్యం కాదు. ఆ నెల వాయిదాకు వాడి డబ్బు అక్కర్లేకపోవడం. నాలుగో వంతు నియమం, ఇల్లు తాకట్టు పెట్టని నియమం, బయట వడ్డీ తేని నియమం అన్నీ ఆ ఒక్క వాక్యం అనగలగడానికే. నేను సంతోషం అనేది దాన్నే.

ఎంత సంపాదిస్తే చాలనుకుంటున్నారు?

రెండో షెడ్డు వేయమని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తుంటాయి. వేస్తే అమ్మకం పెరుగుతుంది, నేను ఫ్లోరు మీద తిరగడం ఆగి ఫైళ్ళలో కూర్చోవాల్సి వస్తుంది. ప్రస్తుతానికి వేయట్లేదు. మా అమ్మాయి ఎంబీఏ చదువుతోంది, తను వస్తే వేస్తుందేమో. రాకపోతే మెషీన్లు అమ్మి షెడ్డు అద్దెకివ్వడానికి కూడా లెక్క వేసి పెట్టాను.

మీ యూనిట్ చూడటానికి రావచ్చా?

రావచ్చు. 20వ తేదీ చుట్టుపక్కల వద్దు, జీఎస్టీ కట్టే రోజులు. మార్చి నుంచి జూన్ దాకా మామిడి పెట్టెల హడావుడి, అప్పుడూ కుదరదు. ప్రాజెక్టు రిపోర్టు తేనక్కర్లేదు. ఇప్పటికే ఏదైనా చేస్తుంటే బ్యాంకు స్టేట్‌మెంటు, ఎవరెవరు ఎన్నాళ్ళ నుంచి బాకీ ఉన్నారో ఆ జాబితా తెచ్చుకోండి. బూట్లు వేసుకుని రండి, నేలంతా పిన్నులుంటాయి.